అణ్వాయుధ ఒప్పందాన్ని తెలుగు చేసిన మా సోషల్ సార్

మా సోషల్ సార్ పోయారని పోయిన నెల హాలియా దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. నేను బడికి బయలుదేరుతున్నాను. నేను చెప్పేదీ సోషలే.

సార్‌ది మగ్గం నేసే ఇల్లు. హిరోషిమా పాఠం రోజున పుస్తకం మూసేసేవారు. "ఎంతమంది సచ్చిన్రో పరీక్షల రాస్తరు. బతికినోళ్లు ఏ నీళ్లు తాగిన్రు, ఏ మట్టిల పంట తీసిన్రు? గది అడుగుండ్రి" అనేవారు.

సార్ రిటైరయ్యాక, కృష్ణ ఒడ్డు గుట్టల్లో యురేనియం తవ్వుతారన్న మాట ఊళ్లలో పాకింది. అది విని, అణ్వాయుధాలను నిషేధిస్తూ కొన్ని దేశాలు చేసుకున్న ఒప్పందాన్ని తెలుగులో రాయడానికి కూర్చున్నారు. సాఫు ప్రతి రాసే పని నాది.

బాంబు పరీక్షలతో పాడైన నేలను బాగుచేయాలనే నిబంధన దగ్గర సార్ కలం ఆగింది. 'పర్యావరణ పునరుద్ధరణ' అన్నాన్నేను. సార్ తల అడ్డంగా ఊపి, వీధిలో గొర్లను తోలుకుపోతున్న అవ్వను పిలిచారు.

"అవ్వా, విషం వడ్డ జాగను బాగుజేసుడును ఏమంటవ్?"

"ఏమంటం సారూ? మళ్ల గొర్రె మేసేటట్టు జేసుడు."

సార్ అదే రాశారు.

మా ఊరి గ్రామసభలో ఆ ప్రతిని చదివి, ఒప్పందంలో చేరమని ప్రభుత్వానికి అర్జీ పెడదామన్నారు. ముందు వరుసలోని ఒక రైతు లేచాడు. "మన దేశమే సంతకం పెట్టలే. గీ కాయితంతోని ఏమైతది సార్?"

"నిజమే, పెట్టలే. పెట్టినోళ్లనే కట్టేస్తది గీ చట్టం. మరి పెట్టుమని అడిగెటోళ్లు ఉండాలె గద?"

ఆ రోజు ఒక్కరూ అర్జీ ముట్టలేదు. మర్నాడు సార్ పక్క ఊరికి బయలుదేరారు. ఊపిరి ఆడక దవాఖానలో చేరేదాకా అలా తిరుగుతూనే ఉన్నారు. నేను చూడటానికి వెళ్తే ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "ఇగ గా కాయితం నువ్వు సదువాలె. భయమైతది. అయినా సదువు" అన్నారు. నాతో సార్ అన్న చివరి మాట అది.

మొన్న మా ఊరి గ్రామసభలో నిలబడ్డాను. మొదటి పేజీ చిన్నగా చదివాను.

"జర గట్టిగ, బిడ్డా! మాకు ఇనవడాలె" అంది అవ్వ వెనక నుంచి.

గట్టిగా చదివాను. ఆ రైతు చేతులు కట్టుకునే కూర్చున్నాడు, కానీ చివరిదాకా లేచిపోలేదు. అతను అర్జీ మీద సంతకం చేయలేదు. మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. సంతకం రానివాళ్లు వేలిముద్రలు వేశారు. ఎవరో టీ తెచ్చారు. అందరూ వెళ్లాక చూస్తే, అరుగు మీద వదిలిన తెల్ల కాగితపు కప్పుల మీద నీలం వేలిగుర్తులు ఇంకా తడిగానే ఉన్నాయి.