రేవులో ఈల వేసిన అబ్బాయి

జూన్ నెల, ఆదివారం సాయంత్రం, సన్నగా చినుకులు. వరండాలో ఉన్నవాళ్ళు: నేను, నా చిన్ననాటి స్నేహితురాలు సత్యవతి, మా మనవరాలు. ఏళ్ళ తరబడి డైరీ రాసిన అలవాటు. ఏది చెప్పబోయినా ఇలాగే మొదలవుతుంది.

వీధి చివర ఆటో కనిపించగానే మనవరాలు రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. ఆటో ఆగింది, అది ఎక్కి వెళ్ళిపోయింది. సత్యవతి మాత్రం ఈల వినగానే చటుక్కున గోడవైపు తిరిగి కూర్చుంది. మరుక్షణం ఎందుకు తిరిగిందో ఇద్దరికీ గుర్తొచ్చి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

మాది వైనతేయ నదీపాయలో ఒక లంక. హైస్కూలు అవతలి గట్టున ఉండేది. రేవు అనగానే నాకిప్పటికీ తడిసిన కొబ్బరిపీచు తాళ్ళ వాసనే వస్తుంది. వరద రోజుల్లో ఎర్రనీళ్ళు ఒక్కో మెట్టే మింగుతూ పైకి వచ్చేవి. చలికాలంలో మంచు కమ్మి పడవకన్నా ముందు తెడ్డు చప్పుడు వచ్చేది. ఉడకబెట్టిన తేగలు పంచుకుని, వేళ్ళకంటిన పీచు దులుపుకుంటూ పడవకోసం నిలబడేవాళ్ళం. మగవాళ్ళు "ఓ వెంకన్నోయ్!" అని కేకేస్తే పడవ వచ్చేది. ఆడపిల్ల గొంతు అవతలి గట్టుకి వినపడకూడదు గనక, మేం ఎవరో ఒక మగమనిషి వచ్చేదాకా మెట్లమీద నిలబడి, బడికి ఆలస్యంగా వెళ్ళి, తరగతి బయట నిలబడేవాళ్ళం.

పెద్దవాళ్ళు ఇలాంటివి ఒకసారి చెప్పి ఊరుకునేవారు. వాటికి కాపలా కాసింది మేమే. పళ్ళు కనబడేలా నవ్విందనీ, పట్టీలు మోగేలా నడిచిందనీ, వోణీ జారినా చూసుకోలేదనీ ఒకరినొకరం పట్టుకునేవాళ్ళం. మా జట్టుకి పెద్ద సత్యవతి. తను "పచ్చి" అందంటే ఆ పిల్లతో ఎవరూ మాట్లాడకూడదు.

ఈల వెయ్యడం నాకు మా చిన్నాన్నగారు సరదాకి నేర్పారు. ఒకరోజు ఎంతకీ ఎవరూ రాకపోతే రేవులో వేశాను. పడవ వెంటనే కదిలింది.

"ఆడపిల్లలు ఈలేస్తారేంటే ఎక్కడన్నా! నీతో పచ్చి," అంది సత్యవతి.

ఆ రోజునుంచి పడవలో నా పక్కన చోటు ఖాళీగా ఉండేది. తేగలు ఒక్కదాన్నే తింటే అంత చప్పగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత ఒక తుఫాను సాయంత్రం. బడి వదిలేసరికి అవతలి గట్టున మేం తప్ప ఎవరూ లేరు. పడవ మా లంకవైపు ఉండిపోయింది. గాలి హోరు పెరుగుతోంది, చిన్నపిల్లలు ఏడుపు మొదలెట్టారు. సత్యవతి నా దగ్గరికి వచ్చింది.

"ఓసారి వెయ్యవే."

"వేస్తే మళ్ళీ పచ్చి అంటావుగా."

"మేం చూడంలేవే!"

అందరూ నా చుట్టూ చేరి, అటు తిరిగి గొడుగులు విప్పారు. గొడుగుల మధ్య నిలబడి వేశాను. వెంకన్న వచ్చాడు.

"ఈలేసిందెవరమ్మా?"

"ఎవరో అబ్బాయి. వెళ్ళిపోయేడు," అంది సత్యవతి.

వెంకన్న ఖాళీ గట్టు కేసి చూసి, "ఆయ్, బలే కుర్రోడండీ!" అన్నాడు.

మేం పడవ దిగి ఇళ్ళకు చేరేలోపే ఆ మాట లంకంతా పాకింది, ఇంకోలా పాకింది: రేవులో ఎవడో ఆడపిల్లల్ని చూసి ఈలలు వేస్తున్నాడట. మర్నాడు పొద్దున్న మేం వెళ్ళేసరికి మా రేవులో సత్యవతి నాన్నగారు, మరికొందరు పెద్దలు కర్రలతో నిలబడి ఉన్నారు.

"అవతలికెళ్ళి ఆ వెధవని పట్టుకుంటాం. దొరికేడా సరే. దొరక్కపోతే ఆడపిల్లలు బడి మానెయ్యడమే," అన్నారాయన.

లేని అబ్బాయి ఎలా దొరుకుతాడు? మా అందరి చదువూ ఆ ఒక్క అబద్ధం మీద ఆగిపోయేలా ఉంది. పడవ అవతల ఉంది. ఆయన కేకెయ్యడానికి చెయ్యెత్తారు.

"ఉండండి నాన్నగారూ," అంది సత్యవతి. "అబ్బాయీ లేడు, ఎవరూ లేరండీ. పడవకోసం ఇదే వేసింది. వెయ్యమన్నది నేనండీ. ఏమే, వెయ్యవే!"

ఈసారి ఎవరూ గొడుగు విప్పలేదు. అంతమంది చూస్తుండగా వేశాను. అవతలి గట్టున పడవ కదిలింది.

సత్యవతి నాన్నగారు పడవ కేసి చూసి, కర్ర చంకలో పెట్టుకుని, "వెంకన్న నా కేకకి కూడా ఇంత తొందరగా ఎప్పుడూ కదల్లేదర్రా," అన్నారు. ఎవరో నవ్వారు. "పడవొస్తోంది, మెట్లు జారతాయి, చూసుకు దిగండి," అని ఆయన ఇంటిదారి పట్టారు. మేం బడికి వెళ్ళాం. పడవలో సత్యవతి నా పక్కన కూర్చుని, తన తేగ సగానికి విరిచి నాకిచ్చింది.

నిన్న ఇదంతా చెప్పుకున్నాక, ఇవాళ సోమవారం పొద్దున్నే ఇద్దరం ఆ రేవుకి వెళ్ళాం. పైన వంతెన మీద బస్సులు పోతున్నాయి. మెట్లకి గుర్రపుడెక్క అల్లుకుంది. వెంకన్న లేడు, పడవ లేదు, పీచు తాళ్ళ వాసన అసలే లేదు.

"వెయ్యవే," అంది సత్యవతి.

వేళ్ళు నోట్లో పెట్టుకున్నాను. కట్టుడు పళ్ళ సందుల్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. సత్యవతి అటు తిరగలేదు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, అవతలి గట్టు కేసే చూస్తూ నిలబడింది.