బొటనవేలికి అందని గేరు

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ చీరల కొట్టులో పని ముగిసేసరికి నా కుడి బొటనవేలు నా మాట వినడం మానేస్తుంది. పోచంపల్లిలో ఉన్నన్నాళ్లూ, రంగులో ముంచే ముందు నూలుకు చిటికి ముడులు కట్టి కట్టి అరిగిపోయిన వేలది. "చిన్న చేతులు, చిటికి మంచిగ కడ్తది" అని మా అత్త నన్ను కోడలిగా ఏరుకుంది. మగ్గం మానేసి ఎల్బీనగర్‌లో కిరాయి ఇంటికి వచ్చాం. చేతులు మాత్రం అంతే ఉన్నాయి.

కొట్టుకు సైకిల్ మీదే వెళ్లివస్తాను. నన్నెవరూ ఏమీ అడగని సమయం రోజంతటిలో అదొక్కటే. కానీ ఆ సైకిల్ మా ఆయన తన చేతికి సరిపోయేట్టు చూసి తెచ్చాడు. గేరు మార్చే లివర్ నా వేలికి అందదు. గ్రిప్పు వదిలి చెయ్యి ముందుకు జరపాలి. బస్సుల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆ పని చేస్తూ, ఎల్బీనగర్ చౌరస్తాలో ఓసారి పడబోయాను.

"ఇగ సైకిల్ అమ్మేద్దాం. ఆటోల పో," అన్నాడు మా ఆయన. చెప్పడం తేలికే. నలుగురి మోకాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చోవాల్సింది నేను.

మా అత్తకు జాలేసింది. మా ఇళ్లలో ఏ బాధకైనా ముందు కట్టు కట్టాలనే తోస్తుంది. నూలుకు చుట్టే పాత ట్యూబు రబ్బరు పీలికలు తీసి, మెత్తగా ఉంటుందని గ్రిప్పు చుట్టూ ముడి మీద ముడి వేసింది. గ్రిప్పు లావెక్కింది, లివర్ ఇంకా దూరమైంది. ఆమె ముఖం చూసి ఆ ముడులు విప్పలేక కొన్నాళ్లు అలాగే తొక్కాను. ఇక ఓపిక లేక, ఓ ఆదివారం సైకిల్‌తో సహా మా ఆయనను మలక్‌పేటలోని సైకిల్ షాపుకు లాక్కెళ్లాను.

షాపతను ఒక్కో లివర్ తీసి మా ఆయన చేతిలో పెట్టాడు. ఈయన నొక్కి, "మస్తుగుంది" అన్నాడు. ఇంకోటి. "గిది ఇంకా మస్తుగుంది." కొట్టులో నేను, కట్టుకునే ఆమె భుజాన వేసి చూపకుండా ఒక్క చీర కూడా అమ్మను. ఒళ్లు మండింది.

"అన్నా, తొక్కేది నేను. నా చేతికియ్యి," అన్నాను.

అతను నా చెయ్యి చూసి, కాస్త జంకుతూ, పిల్లల సైకిళ్లకు వేసేది తెచ్చి మా సైకిల్‌కు బిగించాడు. సన్నటి గ్రిప్పు. లివరే లేదు, గ్రిప్పు పక్కనున్న రింగును తిప్పితే చాలు.

"చెమటకు జారదా?"

"గరుకుగ ఉంటదక్కా, జారది."

ఎక్కి కూర్చుని తిప్పాను. వేళ్లు బ్రేకు మీద ఉండగానే గేరు మారింది. బొటనవేలికి పనే పడలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"పిల్లలదేందే? చూసినోళ్లు నవ్వుతరు," అంటూ మా ఆయన తనూ పట్టి చూశాడు. ఆ లావాటి వేళ్లు అందులో ఇమడలేదు. విసుగ్గా చెయ్యి విదిలించాడు. "అబ్బ, సరిపోతలేదు. రోజూ గిట్ల వట్టుకొని ఎట్ల తొక్కుతరు?"

"ఇన్నేండ్లు నేనెట్ల తొక్కిన్నో గట్ల," అన్నాను.

సైకిల్ అమ్మే మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.