గేటు దగ్గర మూడో పిలుపు

దగ్గరగా జరిగి కూర్చోండి, మా కోర్టు బంట్రోతు గురించి చెబుతాను. అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్న రోజులే అయినా, వాయిదాకి వచ్చినవాళ్ళని అతను నోటితోనే పిలిచేవాడు. మూడు పిలుపులకీ పలకకపోతే కేసు కొట్టేసేవారు. అందుకే రెండో పిలుపయ్యాక తలపాగా విప్పి, దులిపి, తీరిగ్గా మళ్ళీ చుట్టుకునేవాడు. ఆ తర్వాతే మూడోది.

మేము చేపలు ఎండబెట్టుకునే జాగాని ఒకాయన ఆక్రమిస్తే నేను కేసు వేశాను. ఒక వాయిదా రోజున పడవ ఆలస్యంగా ఒడ్డుకొచ్చింది. చేపలు దించి, ఆటో ఎక్కి వెళ్ళేసరికి, కోర్టు గేటు దగ్గర తలపాగా చుట్టుకుంటూ అతను కనిపించాడు.

"ఓలమ్మా, ఏటలా నడుస్తన్నావు? బేగి రా. ఈ గుడ్డ ఇంకెన్నిసార్లు సుట్టమంటావు?" అని, నా పేరు గట్టిగా పిలిచాడు. నేను పలికాను.

లోపలికి వెళ్ళగానే కొత్త జడ్జిగారు అతన్ని అడిగారు. "గేటు దాకా వెళ్ళి పిలవమని ఎవరు చెప్పారు?"



"మూడుసార్లు పిలమన్నారు బాబూ. ఎక్కడ నిలబడాలో ఎవులూ సెప్పనేదు. గదిలో అరిస్తే గదిలో ఉన్నోలికే ఇనబడతాది."

జడ్జిగారు నవ్వు ఆపుకుని ఏదో రాసుకున్నారు. తర్వాతి వాయిదాకి గోడ మీద ఉత్తర్వు అంటించి ఉంటే, గుమస్తాచేత చదివించుకున్నాను. ఇకపై మూడో పిలుపు గేటు దగ్గరే పిలవాలట. జాగా చివరికి మాకే దక్కింది. అతను మాత్రం తలపాగా చుట్టుకోవడం మానలేదు.

మీ ఇంట్లో ఎవరికి ఆలస్యమైనా, వాళ్ళకోసం గేటు దాకా నడిచొచ్చే మనిషి ఒకరుండాలి. చల్లగా ఉండండి.