సూది అడుగంటక ముందే

మార్కండేయులు గారు తలకి నూనె రాయడం మానేసిన వారం నాకు బాగా గుర్తు. యాభై నాలుగేళ్ళ మనిషి, బుద్ధెరిగాక కొబ్బరినూనె లేకుండా గడప దాటి ఎరగరు. అలాంటిది ఓ గురువారం పొద్దున జుట్టంతా పీచులా లేచిపోయి భవానీపురంలో మా షాపు ముందు నిలబడ్డారు.

"ఏంటి బాబాయ్, కరెంటు వైరు పట్టుకున్నావా?" అన్నాను.

"నవ్వకు పవన్. శనివారంలోగా పూత నిలబడకపోతే నన్ను హాస్టల్ స్టోరుకి మార్చేస్తారట. బియ్యం బస్తాలకి కాపలా."

నేను మోటార్లు, పంపులు బాగుచేస్తాను. ఆయన పనిచేసే ఇంజనీరింగు కాలేజీలోనే రెండేళ్ళు చదివాను. మూడో ఏడు నాకు చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ మిగల్లేదు, వచ్చేశాను. నేను బాగుచేసిన పంపొకటి ఉయ్యూరు పక్క పొలంలో బిగిస్తే నీళ్ళతో పాటు పక్కూరి బావిలో చేద కూడా వచ్చింది. నమ్మనివాళ్ళు ఇంటికొస్తే ఆ చేద చూపిస్తాను.

మార్కండేయులు గారిది పెడన, మగ్గాల ఇల్లు. వాళ్ళమ్మ భద్రమ్మ గారు నూలుకి రంగులు వేసేవారు. మగ్గం మీద బతకడం కష్టమయ్యాక, ఇరవై రెండేళ్ళ కిందట, హనుమాన్ జంక్షన్ దగ్గరున్న ఆ కాలేజీలో అటెండరుగా చేరారు. కోటింగు యంత్రం బిగించడానికొచ్చిన ఇంజనీరు రెండ్రోజులుండి వెళ్ళిపోయాడు. ఆ రెండ్రోజుల్లో ఈయన పక్కన నిలబడి చూసిందే ఇన్నేళ్ళూ ఆ యంత్రాన్ని నడిపింది.

యంత్రం సంగతి చిన్నదే. గాజు గంట కింద గాజు పలకలు పెట్టి, లోపలి గాలి లాగేసి, అల్యూమినియం తీగని ఆవిరి చేస్తే పలక మీద అద్దంలాంటి పూత పడుతుంది. గాలి లాగడానికి రెండు పంపులు. ముందు చిన్నది, నూనెలో తిరిగేది. అది చాలావరకు లాగాక వాల్వు మార్చి పెద్ద పంపుకి అప్పజెప్పాలి. గాలి ఎంత మిగిలిందో గేజి మీద సూది చెబుతుంది.

దసరా నుంచీ ఆ పూత నిలబడటంలేదు. టేపు అంటించి పీకితే అరటితొక్కలా ఊడొస్తోంది. ఉషశ్రీ అనే రీసెర్చి అమ్మాయి నాలుగు నెలల పని బుట్టలో పడింది. ల్యాబ్ ఇన్‌చార్జి రామకోటేశ్వరరావు గారు అందరి ముందూ అన్నారట: "మార్కండేయులూ, నీ తల జిడ్డు, చేతి జిడ్డు. ఇంకేం కాదు."

అందుకని ఈయన తలకి నూనె మానేశారు. అంతటితో ఆగలేదు. సాయంత్రం వాళ్ళింటికెళితే మల్లీశ్వరి పిన్ని నన్ను పట్టుకుంది.

"తాలింపు కూడా ఆపించారు పవన్. గోంగూర ఉడకబెట్టి ఉప్పేసుకుని తింటున్నాం. పక్కింట్లో గారెలు వండుతుంటే కిటికీలు మూయించారు. నువ్వైనా చెప్పు."

ఏం చెప్పను? నాకే అయోమయంగా ఉంది. దసరా ముందు ఆ చిన్న పంపు బాగుచేసింది నేనే. నా చెయ్యి పడ్డాక పంపులో తప్పుండదు కదా.

శుక్రవారం ఆయన వెంట కాలేజీకి వెళ్ళాను. మూడు పలకలు శుభ్రంగా కడిగి ఆరబెట్టారు. ఒకటి బల్ల మీద పెట్టారు. రెండోది గాజు గంట కింద, పంపు వేయకుండా, ఊరికే రెండు గంటలుంచారు. మూడోది గంట కింద పెట్టి, సూది అడుగుకి దిగాక కూడా చిన్న పంపుని రెండు గంటలు తిప్పారు. తర్వాత ఒక్కోదాని మీదా నీటిచుక్క వేశారు. మొదటి రెండింటి మీదా నీళ్ళు పరుచుకున్నాయి. మూడోదాని మీద ముత్యంలా నిలబడ్డాయి.

"మా అమ్మ నూలుని ఇలాగే చూసేది," అన్నారు. "చుక్క నిలబడితే ఇంకా జిడ్డున్నట్టు. మళ్ళీ ఉడకబెట్టేది."

"అంటే నీ తల నిర్దోషి."

"తల సరే. నూనె పంపులో ఉంది, పంపు బయటికి లాగుతోంది. మరి నూనె లోపలికెలా వస్తోంది? ఎంత ఎక్కువ లాగితే అంత జిడ్డేంటి?"

నాకూ బుర్ర తిరిగింది. అప్పుడే ఇంకోటి గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాను. పంపు బాగుచేసిన రోజు గొప్పగా చెప్పింది నేనే: "సూది సగానికి రాగానే మార్చడమేంటి బాబాయ్? అడుగంటనీ. అక్కడో రెండు గంటలుంచు. నా పంపు చంద్రుడి మీది గాలి కూడా లాగుద్ది." చంద్రుడి మీద గాలి లేదని ఆయనకీ తెలుసు, అయినా పాపం నమ్మారు.

శనివారం పొద్దున మళ్ళీ ఇద్దరం బస్సెక్కాం. హనుమాన్ జంక్షన్‌లో జనం బిలబిలా దిగుతున్నారు. కింద పూలబుట్టతో ఒకావిడ ఎక్కబోతోంది, వీలుపడటంలేదు. క్యారేజీ వెతుక్కుంటూ ఈయన ఆఖర్న మిగిలారు. ఆవిడ బుట్టతో సహా ఎక్కి ఈయన్ని లోపలికి నెట్టేసింది. కండక్టరు తిట్టాక గానీ దిగలేకపోయారు. దిగి, నడవకుండా అక్కడే నిలబడిపోయారు.

"పవన్, అంతమంది దిగుతున్నప్పుడు ఆవిడ ఎక్కగలిగిందా?"

"లేదు."

"నేనొక్కణ్ణే మిగిలాక?"

"నిన్నే వెనక్కి తోసింది."

"మరదే. గాలి మందంగా బయటికి పోతున్నంతసేపూ నూనె ఆవిరి ఎదురు రాలేదు. గాలి పలచబడ్డాక దానికి అడ్డెవరు?"

నాకు సగమే అర్థమైంది. ఆ సగం కూడా ఇప్పుడు రాస్తుంటే జారిపోతోంది.

ఆ రోజు గాజు గంటనీ పంపు గొట్టాన్నీ స్పిరిట్‌తో తుడిచి, సూది సగానికి రాగానే చిన్న పంపు వాల్వు మూసి పెద్దదానికి అప్పజెప్పారు. మధ్యాహ్నానికి పూత పడింది. రామకోటేశ్వరరావు గారు స్వయంగా టేపు అంటించి పీకారు. టేపొచ్చింది, పూత రాలేదు. ఇంకోసారి పీకారు. ఉషశ్రీ ఊపిరి వదిలింది.

"బాగానే ఉంది, స్టోరు మాట వదిలేయ్. ఇన్నాళ్ళూ అడుగుదాకా ఎందుకు దింపావయ్యా? ఎవరు చెప్పారు?"

నేను పైన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి.

"నాకే తోచిందండీ," అన్నారు మార్కండేయులు గారు.

సారు వెళ్ళాక గేజి అద్దం మీద ఎర్ర రంగుతో గీత పెట్టి, ఓ అట్టముక్క నా చేతికిచ్చారు.

"రాయి. సూది ఈ గీతకి రాగానే వాల్వు మార్చాలి, అడుగుదాకా ఆగకూడదు."

రాశాను.

"కింద సంతకం పెట్టు."

"నాదెందుకు బాబాయ్?"

ఆయన జేబులోంచి చిన్న కొబ్బరినూనె సీసా తీసి, ల్యాబ్ గుమ్మం బయటికి నడిచి, అక్కడ తలకి రాసుకోవడం మొదలెట్టారు. నేను సంతకం పెట్టాను. ఆ కాలేజీ గోడకెక్కిన నా పేరు అదొక్కటే.