ఎదురు చెప్పదని నేను రాసిన ఉత్తరం

మీ సంఘం తల మీద చేతులుంచి ప్రార్థించి పనికి పంపిన ఆడపిల్ల ఈ రోజు ఎక్కడ ఉందో, ఎవరు వేసిన తాళం వెనక నిద్రపోతోందో మీకు తెలుసా? సహోదరులారా, ఒకప్పుడు నన్నెవరైనా ఇలా అడిగి ఉంటే నాకు కోపం వచ్చేది, ఎందుకంటే నాకు తెలియదు. అరకు కొండల్లో మా చిన్న సంఘానికి నేను కార్యదర్శిని, వారమంతా బడిలో పాఠాలు చెబుతాను. పిల్లలెవరైనా చదువుకో పనికో కొండ దిగితే సంఘం ముద్ర వేసి ఒక ఉత్తరం ఇవ్వడం మాకు అలవాటు. తెలియని ఊళ్లో అక్కడి విశ్వాసులు చేరదీస్తారని మా ఆశ. మంచి అలవాటే, కానీ దాని విలువ మాకన్నా బాగా ఒక దుర్మార్గుడికి తెలిసింది.

రెండేళ్ల కిందట అతడు మైదానం నుంచి వచ్చి, మూడు ఆదివారాలు మా మధ్య కూర్చుని పాటలు పాడి, సముద్రం పక్కన రొయ్యలు వలిచే షెడ్డులో తేలిక పని ఉందని, సాయంత్రాలు కుట్టు కూడా నేర్పిస్తారని చెప్పాడు. మా సంఘంలోని పూర్ణమ్మ అది నమ్మి, పదిహేనేళ్ల కూతురు రూతును పంపడానికి ఒప్పుకుంది. ఉత్తరం నేనే రాశాను: "ఈ అమ్మాయి మా సంఘ సభ్యురాలు. ఇష్టపూర్వకంగా వస్తోంది. అణకువ గలది, ఎదురు చెప్పదు." వయసు మాత్రం రాయలేదు, అతడు అక్కరలేదన్నాడు. "ప్రభువా, ఈ బిడ్డను నీ చేతికి అప్పగిస్తున్నాం" అని అందరం ప్రార్థించాం. నోటితో దేవుని చేతికన్నాం, అప్పగించింది మాత్రం ఆ మనిషి చేతికి.

నాలుగు నెలలకు పూర్ణమ్మ మా ఇంటికి వచ్చింది.

"టీచరమ్మా, మా గుంట రూతు ఫోన్లో మాటాడతంది గానీ, పక్కన ఎవులో నిల్చున్నట్టే మాటాడతంది. బాగున్నావేటే అంటే బాగున్నానంటది. ఏటి తిన్నావే అంటే పలకదు."

అప్పుడు నేను చేసిన పని సిగ్గుతో చెబుతున్నాను. ఉపవాస ప్రార్థన పెట్టించాను. మూడు శుక్రవారాలు కన్నీళ్లతో ప్రార్థించి, మూడుసార్లూ తృప్తిగా ఇంటికెళ్లి అన్నం తిన్నాం. నాలుగో శుక్రవారం పూర్ణమ్మ మోకరించలేదు. "దేవుడు ఇంటన్నాడు, నానెరుగుదును. మరి సర్కారోలికి ఎవులు సెప్తారమ్మా?" అంది.

ఆ మాట నన్ను లేపింది. వెట్టి పని మాన్పించడానికి తిరిగే ఒక బృందం సాయంతో ఇద్దరం సబ్ కలెక్టరు ఆఫీసులో ఫిర్యాదు చేశాం. అధికారులు షెడ్డుకు వెళ్లారు. యజమాని నా ఉత్తరం తీసి వాళ్ల చేతిలో పెట్టాడు. ఇష్టపూర్వకంగా వచ్చిందని సంఘమే రాసింది కదా అన్నాడు. రూతును అతని ఎదుటే అడిగారు, ఆమె తల వంచుకుంది, వాళ్లు వెనక్కి వచ్చేశారు.

ఆ ఉత్తరం సమ్మతి కాదని నేను రాసిస్తానంటే తాతయ్య అనే మా సంఘ పెద్ద ఒప్పుకోలేదు. "తప్పయిందని నువ్వే రాసిత్తే సంఘం పరువేటవుద్దమ్మా? దేవుని సిత్తమైతే గుంట తనే వచ్చేస్తాది" అన్నాడు. దేవుని చిత్తమట. పిల్లను తీసుకుపోయింది ఒక మనిషి, తాళం వేసింది ఇంకో మనిషి, కాగితం రాసిచ్చింది నేను, మరి ఇందులో దేవుని మీద మోపడానికి ఏం మిగిలింది? బానిసల మొర విని ఊరుకోక, ఒక మనిషిని రాజు ముందుకు పంపిన దేవుణ్ణి ఆరాధిస్తూ, మనం మాత్రం రెవెన్యూ ఆఫీసు మెట్లెక్కడానికి వణుకుతామా?

"ప్రభువా, నా చేయి రాసినదాన్ని నా నోటితోనే కొట్టివేసే ధైర్యం ఇయ్యి" అని ప్రార్థించి, సంఘం అనుమతి లేకుండానే కొండ దిగాను. ఆ పిల్లకు పదిహేనేళ్లని బడి రికార్డు చూపించాను, ఆమెను అడగకుండానే ఇష్టపూర్వకంగా అని రాశానని సంతకం చేశాను. ఈసారి అధికారులు పోలీసులతో, మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని వెళ్లి, యజమానిని బయట నిలబెట్టి, తల్లి పక్కన ఉండగా రూతును అడిగారు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. తెల్లవారకముందే ఐసులో చేతులు పెట్టించడం, స్పీకరు ఆన్ చేసి ఫోన్ ఇవ్వడం, పండక్కి ఇంటికెళ్తానంటే గదిలో పెట్టి గొళ్లెం వేయడం, అన్నీ చెప్పింది. ఆ సాయంత్రమే తల్లితో బయటికి వచ్చింది, తర్వాత ప్రభుత్వం వెట్టి నుంచి విడిపించినట్టు విముక్తి పత్రం కూడా ఇచ్చింది. దేవునికే మహిమ.

జీపులో ఆమె చేతులు పట్టుకున్నాను. వేళ్ల కొసల్లో చర్మం లేదు. నా వైపు చూసి, "నాను ఎదురు సెప్పనని రాసేరట కదా టీచరమ్మా. ఆ మాట మీకెవులు సెప్పేరు?" అంది. పూర్ణమ్మ నవ్వింది, తర్వాత ఏడ్చింది.

సహోదరులారా, దేవుడు రూతును ఆ షెడ్డు నుంచి, నన్ను నా పిరికి భక్తి నుంచి విడిపించాడు. నమ్మండి, ఆయన నమ్మదగినవాడు. కానీ ఆ యజమాని బల్ల మీద నా ఉత్తరంతో పాటు ఇంకో రెండు సంఘాల ముద్రలున్న ఉత్తరాలు కనిపించాయి. ఆ ఉత్తరాలతో వచ్చిన ఇద్దరు అమ్మాయిలను అధికారులు రెండోసారి వెళ్లేలోపే ఎక్కడికో తరలించేశారు. వాళ్ల కోసం ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ ఉత్తరాలు రాసినవాళ్లు ఈ పత్రిక చదువుతూ ఉండవచ్చు. ముందు ప్రార్థన కూటం పెడదామని అనకండి. దారిలో ప్రార్థించుకోవచ్చు. రేపు మొదటి జీపుకే ఆ పిల్ల తల్లిని వెంటబెట్టుకుని దిగండి, ఆ ఉత్తరం మీరే రాశారని అధికారి ముందు సంతకం చేయండి, పిల్ల ఎక్కడుందో చెప్పేదాకా అక్కడి నుంచి కదలకండి.