గింజ రాలే దాకా

మొన్న నార్కట్‌పల్లిలో బస్సెక్కితే నా పక్క సీట్లో ఒక గొర్ల కాపరి కూర్చున్నాడు. వానకు తడిసిన గొంగడిని మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తడి ఉన్ని వాసన, దాంట్లో కలిసిన గొర్రె పెంటికల వాసన. కండక్టరు ముక్కు మూసుకుని "జర ఎనక్కి పో పెద్దమనిషీ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "మటన్ తినేటప్పుడు రాదా నీకు వాసన?" అని లేచాను. బస్సంతా నా వైపే చూసింది. కూర్చున్నాక మాత్రం సిగ్గేసింది. నా నోరు ఎవరి మీద లేస్తుందో, ఎవరి ముందు లేవదో నాకు చెప్పిన మనిషి ఒకతె ఉండేది. ఆమె పేరు బీరమ్మ.

మా ఊరు కట్టంగూరు దాటాక రోడ్డుకు లోపలగా ఉంటుంది. ఊరి వెనకున్న గుట్టను గ్రానైటు కోసం ఏళ్ల తరబడి తొలిచారు. నేనూ అక్కడే రాళ్లు కొట్టాను. బడి మొహం చూడని వాణ్ణి, బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కల మీద అక్షరాలు నేర్చుకున్నాను. తెలంగాణ వచ్చిన కొత్తల్లో క్వారీ వాళ్లు మిషన్లు ఎత్తుకుపోయారు. మిగిలింది లోతైన గుంత, చుట్టూ రాతి ముక్కల కుప్పలు. ఒకప్పుడు ఊరి గొర్లన్నీ మేసిన జాగా అది. దాన్ని మళ్లీ మేత భూమి చేస్తామని మండలాఫీసు వాళ్లు ఊళ్లో కమిటీ వేశారు. చదవడం, రాయడం, గట్టిగా అరవడం మూడూ వచ్చని నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. వాళ్లు పంపిన మొక్కల్ని రాళ్ల సందుల్లో నాటించాను. ఎండాకాలం వచ్చేసరికి పుల్లలు మిగిలాయి. నేను మండిపడుతూ అర్జీ రాస్తుంటే బీరమ్మక్క వచ్చి నిలబడింది. గొర్ల మందతోనే పెరిగిన కురుమ ఇంటి మనిషి, నాకన్నా ఆరేడేళ్లు పెద్ద.

"కాయిదం మీద గడ్డి మొలుస్తదా తమ్మీ? గుట్టకు కండ వోయి బొక్కలే మిగిలినయి. ముందుగాల మన్ను పొయ్యి."

అట్లా మొదలైంది మా పని. వాలుకు అడ్డంగా రాళ్లను వరసలు పేర్చించింది, వానకు మట్టి కొట్టుకుపోకుండా. చెరువులో తీసిన పూడిక మట్టి తెచ్చి ఆ వరసల వెనక పోశాం. వాననీళ్లు నిలిచిన గుంత చుట్టూ కంచె వేద్దామని నేనంటే ఒప్పుకోలేదు. "కంచె నీకు తెలుస్తది, కుందేలుకు తెలుస్తదా? దూపకు దిగిన జీవం మళ్ల ఎక్కాలె" అని ఒక పక్కన రాతి ముక్కలు, మట్టి నింపించి నీటి దాకా ఏటవాలు దారి చేయించింది. మరుసటి ఎండాకాలం ఆ దారి బురదలో చిన్న చిన్న అడుగులు చూపించి "సంతకాలు చేసిపోయిన్రు చూడు, నీ రిజిష్టర్ల ఎక్కించుకో" అని నవ్వింది.

మా వైపు రైతులు పొలాల్లో మంద పెట్టించుకుంటారు. గొర్లు రాత్రంతా పడుకున్న చోట పెంటిక, మూత్రం పడి నేలకు బలమొస్తుంది. కాపరికి అందుకు ఇంత గింజ కొలిచిస్తారు. బీరమ్మక్క ఆ గింజను వదులుకుని తన మందను గుట్ట మీద పెట్టింది. అంతకు ముందు వాటికి తుమ్మకాయలు మేపేది, కడుపులో నానిన విత్తనం పెంటికతో పాటు నేలలో పడుతుందని. "రాళ్లకు మంద వెడుతున్నవా, పిచ్చి లేశిందానే అమ్మా?" అని కొడుకు అరిస్తే, "లేశింది బిడ్డా, నిన్ను కన్ననాడే లేశింది" అంది. మూడో వానాకాలానికి తుమ్మ మొలకలొచ్చాయి, గరిక పాకింది, నక్కతోకలాంటి వెన్నులతో మోకాలెత్తు గడ్డి లేచింది. ఆ గడ్డిలో కౌజు పిట్టలు గుడ్లు పెట్టాయి.

అప్పుడామె నన్ను గుట్టకు తీసుకుపోయి ఒక వెన్ను నలిపి చూపించింది. గింజ ఇంకా పాల మీదే ఉంది. "ఇది రాలే దాక ఎవ్వల జీవాన్నీ తోలనియ్యకు. ఒక్కపారి రాలిందంటే ఇగ గుట్టే సూసుకుంటది. నా గొర్లను నేను హాలియా దిక్కు కాలువల కింద మేపుకొస్త. నీ మాట మీద పోతున్న తమ్మీ." ఇంటి ముందు మేత పెట్టుకుని ఆ వయసులో మందను తోలుకుని అంత దూరం నడిచి పోయింది.

ఆమె పోయిన కొద్ది రోజులకే పెద్దాఫీసరు చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ముందుగా వచ్చిన చిన్నాఫీసరు గడ్డిని చూసి పెదవి విరిచాడు. "మేత భూమి అంటున్నారు, గొర్లేవండీ? ఫోటోలో ఏం కనిపిస్తుంది?" అన్నాడు. గింజ రాలలేదని చెప్పాలి. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ నేనన్నది "తోలిస్త సారూ". ఇల్లిల్లూ తిరిగి నేనే చెప్పాను. మరునాడు పొద్దున ఊరి మందలన్నీ ఎక్కాయి. ఫోటోలు తీశారు, నాకు శాలువా కప్పారు. రుచి మరిగిన గొర్లను తర్వాత ఎవరాపుతారు? వారం తిరక్కుండా గడ్డి మొదళ్లు కనిపించాయి. గిట్టల కింద పగిలిన కౌజు గుడ్ల పెంకులు నేనే చూశాను. ఎవరూ చూడకముందే మట్టి కప్పాను.

బీరమ్మక్క తిరిగొచ్చి గుట్టంతా నడిచి చూసింది. నేను వెనకే నడిచాను.

"ఫోటోల గొర్లు మంచిగ వడ్డయా తమ్మీ?"

"పైకెల్లి ఆర్డరొచ్చిందక్కా. నేనేం చేద్దు?"

"నీ నోరు యాడ వోయింది? చాయ్‌ల చక్కెర తక్కువైతే హోటలోని మీద లేస్తది. మా గొర్లు నీ గడప తొక్కితే లేస్తది. ఆఫీసరు ముంగట మాత్రం పడుకుంటది."

అంతే అంది. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది. నేను జీవితమంతా అన్యాయం మీద కోపమని చెప్పుకు తిరిగింది ఏమిటో ఆరోజు తెలిసింది. నా కోపానికి కొలతలున్నాయి, నాకన్నా చిన్నవాడు దొరికితేనే అది లేస్తుంది.

ఆమె మళ్లీ మొదటినుంచి పట్టుకుంది. రోడ్ల పక్కన, ఒడ్ల మీద మిగిలిన గడ్డి వెన్నులు దూసి కొంగులో మూటగట్టుకొచ్చేది. నేను తట్ట మోశాను. పోయిన గడ్డి తిరిగి రావడానికి ఇంకో మూడు వానాకాలాలు పట్టాయి. కౌజుల కూత మళ్లీ వినబడే నాటికి ఆమెకు మంచంలోంచి లేచే బలం లేదు. మంచాన్ని ఎత్తుకుని గుట్ట కిందికి తెస్తామంటే "గింజ రాలనియ్యున్రి" అంది. రాలకముందే పోయింది.

గుట్ట దగ్గర బోర్డు మీద అధ్యక్షుడిగా నా పేరే ఉంది. తీసేసి ఆమె పేరు రాయమంటే రికార్డు మారదన్నారు. అందుకే వచ్చిన వాళ్లందరికీ నోటితోనే చెబుతున్నాను: ఈ గడ్డిని లేపింది బీరమ్మ, ఒకసారి మేపించి పాడు చేసింది నేను. గడ్డి ఈనే రోజుల్లో దారికడ్డంగా మంచం వేసుకుని కూర్చుంటాను. కుర్ర కాపరులు "గుట్టేమన్న నీ జాగీరా తాతా?" అంటారు. పడతాను.

నిరుడు ఒక కొత్త ఆఫీసరు జీపులో వచ్చాడు. గొర్లను తోలిస్తే ఫోటో తీసుకుంటానన్నాడు. లేచి నిలబడి "గింజ రాలలేదు సారూ. దసరా దాటినంక రాండ్రి" అన్నాను. అతను గడ్డి వైపు చూశాడు. "అట్లనా? సరే పెద్దాయనా" అని జీపు తిప్పుకుని పోయాడు.

అంతే. కోపపడలేదు, రెండో మాట అడగలేదు. ఆనాడు కూడా ఇంత మాటే కావలసింది. జీపు దుమ్ము అణిగాక మంచాన్ని మళ్లీ దారికడ్డంగా సర్దుకున్నాను.