డోనట్‌కి మూలలు

ఆయన్ని ఆ వీధిలో అందరూ దిండ్లాయన అనే పిలుస్తారు. అసలు పేరు కట్టుకున్న భార్యకైనా గుర్తుందో లేదో అనుమానమే. వీధి వైపు గదిలో కూర్చుని దిండ్లు కుడతాడు, కుడుతూ వచ్చేపోయేవాళ్లతో కబుర్లాడతాడు. దూది నింపడంలో మాత్రం ఆయన చేతికి ఎముక లేదని పేరు. కుట్టు వేసేముందు దిండు నాలుగు మూలల్లోనూ వేలితో నొక్కి చూస్తాడు. ఏ మూలైనా మెత్తగా లోపలికి పోయిందా, సన్నటి కర్రతో మళ్లీ దూది కూరాల్సిందే. "మధ్యలో ఎవడైనా నింపుతాడయ్యా, మూలలు చూడు" అని కొనేవాళ్ల చేత కూడా నొక్కించేవాడు.

ఫోమ్ దిండ్లు వచ్చాక ఆ గదిలో సందడి తగ్గిపోయింది. ఆయన ఈగలు తోలుకుంటూ కూర్చుంటే, వెనక వంటగదిలో ఆయన భార్య చేసే, లోపల జామ్ నింపిన గుండ్రటి డోనట్లకి గిరాకీ పెరిగింది. చేతనైన సాయం చేద్దామని వెళ్తే గుమ్మంలోనే ఆవిడ గరిటె అడ్డం పెట్టేది.

"ఆగండక్కడే! మీ మీసంలో కూడా దూదే. పిండిలో పడితే నా కొంప మునుగుతుంది."

అది నిజమే. ఆయన కాఫీలో కూడా దూది పోగులు తేలుతుంటాయి. అయినా ఆయనకి లోపల చిన్నతనంగా ఉండేది. ఒకే ఇంట్లో ఆవిడకి ఊపిరాడని పని, తనకి పొద్దుపోని తీరిక. తన అవసరం ఇక ఎవరికీ లేదేమోనని ఆ మధ్య ఆయనకి దిగులు పట్టుకుంది.

అలా ఉండగా బస్టాండు దగ్గర టీ కొట్టతను ఆవిడకి కబురు పెట్టాడు. శనివారం ఒక ట్రే పంపమని, జనానికి నచ్చితే ఇక రోజూ ఆవిడ దగ్గరే తీసుకుంటానని. ఆవిడ ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్న మాట అది. ఆ సంతోషంలోనే పై అరలో ఉన్న పంచదార డబ్బా కోసం స్టూలెక్కి జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. మోచేతి దాకా తెల్లటి కట్టు వేశారు.

టీ కొట్టతను పలకరించడానికి వచ్చి బాధపడ్డాడు. "నేనాగుతానక్కా, కానీ కొత్త బేకరీ వాళ్లు ఆగరు. శనివారం మీరు పంపకపోతే వాళ్లవి దించుతారు" అన్నాడు.

అతను వెళ్లాక దిండ్లాయన గొంతు సవరించుకున్నాడు. "నేను చేస్తాను."

ఆవిడ ఎగాదిగా చూసింది. "చెయ్యి ఎలాగూ విరిగింది. పరువైనా మిగలనివ్వండి."

ఆయన స్నానాల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. బయటికొచ్చేసరికి తలకి గుడ్డ, ఒంటి మీద ఉతికిన చొక్కా ఉన్నాయి. మీసం లేదు. పెళ్లికి ముందు నుంచీ ఉన్న మీసం! ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"సరే, చేతులు కడుక్కోండి" అంది.

"కడిగాను."

"మళ్లీ కడగండి."

ఆవిడ వంటగదిలో కుర్చీ వేసుకుని పెత్తనం మొదలుపెట్టింది. గోరువెచ్చటి పాలలో ఈస్టు వేస్తే నురగ లేచింది. మైదా, గుడ్లు, వెన్న చేర్చి ఆయన మర్దిస్తుంటే ఆ చేతుల వాటం చూసి ఆవిడ తిట్టడానికి వంక దొరక్క సతమతమైంది. పిండి మీద గుడ్డ కప్పి పక్కన పెడితే ఆయన నిమిషానికోసారి ఎత్తి చూశాడు. "మీరు తొంగి చూస్తే తొందరగా పొంగదు" అని ఆవిడ కసిరింది. పొంగిన పిండిని వేలి మందాన ఒత్తి, గ్లాసుతో గుండ్రంగా కోసి, మళ్లీ కాసేపు పొంగనిచ్చి, సన్నసెగ మీద నూనెలో వేయించాడు. రెండు వైపులా ఎర్రగా, నడుం చుట్టూ తెల్లటి పట్టీతో చక్కగా వచ్చాయి.

అసలు తంటా జామ్ దగ్గర వచ్చింది. జామ్ నింపిన సంచి మొనని డోనట్ పక్కలో గుచ్చి నొక్కాడు. అలవాటుగా అంచుని వేలితో నొక్కి చూశాడు. మెత్తగా లోపలికి పోయింది. ఇంకా నొక్కాడు.

"చాలు!" అంది ఆవిడ.

"ఉండు, మూలలు ఖాళీగా ఉన్నాయి."

"గుండ్రటి దానికి మూలలెక్కడివండీ!"

ఆ మాట పూర్తయ్యేలోపే డోనట్ పగిలి జామ్ వెళ్లి ఆవిడ కట్టు మీద పడింది. ఆవిడ ఎర్రబడ్డ కట్టునీ, మీసం లేని మొహాన్నీ మార్చి మార్చి చూసి పకపకా నవ్వింది. "మీ చేతికి ఎముకే లేదు, నా చేతికి ఉన్నది విరిగింది. సరిపోయాం!"

రెండోదీ పగిలేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. జామ్ తరిగిపోతోంది, ఇంకో సీసా లేదు.

"నేను పెట్టినట్టు ఒక్క చెంచాడు పెట్టండి. నా నోటి దగ్గరి కూడు తీయకండి" అంది బతిమాలుతూ.

ఆయన చెంచాడే పెట్టాడు. ఒకటి కొరికి చూశాడు. అంచంతా వట్టి రొట్టె, జామ్ మొత్తం నడిమధ్యలో ముద్దగా ఉంది.

"ఇన్నాళ్లూ జనానికి ఇదా పెడుతున్నావు?" అనేశాడు.

ఆవిడ మొహం చిన్నబోయింది. ఆయన నాలిక్కరుచుకున్నాడు. "జామ్ నువ్వు చెప్పినంతే. దానికి దారి మాత్రం నన్ను చూడనివ్వు" అన్నాడు.

ఇంకా దూది తగలని కొత్త కర్రని వేడినీళ్లతో కడిగి తెచ్చాడు. ఒక్క చిల్లులోంచే దాన్ని లోపలికి పోనిచ్చి, అటూ ఇటూ మెల్లగా తిప్పాడు. ఆ దారుల్లో జామ్‌ని కాస్త కుడికి, కాస్త ఎడమకి, మిగిలింది మధ్యకి వదిలాడు. కోసి చూపిస్తే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎర్రగా పరుచుకుని ఉంది. చెంచాడుకి చుక్క ఎక్కువ లేదు.

ఆవిడ ఎడం చేత్తో ఆ ముక్క అందుకుని అంచు కొరికి చూసింది. "అన్నీ ఇలాగే పెట్టండి" అంది.

శనివారం పొద్దున ఇద్దరూ ట్రే తీసుకెళ్లారు. టీ కొట్టతను ఒకటి కొరికి ఆగిపోయాడు. "అదేంటక్కా, కొరకగానే జామ్ తగిలింది?"

నేనే చేశానని ఆవిడ అనొచ్చు, ఎవరూ కాదనరు. "నింపింది మీ బావగారు!" అంది బస్టాండంతా వినపడేలా. బావగారి మొహం చాటంతయింది. లేని మీసం మీదికి చెయ్యి పోయింది.

ఆ రోజు నుంచీ ట్రే తప్పకుండా వెళ్లింది. ఆయన రోజూ మీసం గీసుకున్నాడు, రోజూ తిట్లు తిన్నాడు, అంత హాయిగా ఎన్నడూ లేడు.

కట్టు విప్పిన మర్నాడు వంటగదిలోంచి అప్పడాల కర్ర చప్పుడు వినపడింది. ఆవిడ తనంతట తానే పిండి ఒత్తుకుంటోంది. ఆయన వీధి గదిలోకి వెళ్లి ఖాళీ దిండు గలీబు ఒకటి ఒళ్లో పెట్టుకున్నాడు. చెయ్యి బాగుపడింది, అంతకంటే ఏం కావాలి అని తనకి తానే చెప్పుకున్నాడు. ఆ పొద్దున మీసం గీయలేదు. ఎవరి కోసం గీయాలి? నూనె కాగిన వాసన వచ్చింది. వేగిన వాసనా వచ్చింది. ఆయన ఆ ఖాళీ గలీబు మూలలు ఒక్కొక్కటే వేలితో తడుముతూ కూర్చున్నాడు.

"ఏమండీ!" లోపల్నుంచి కేక. "అక్కడ కూర్చున్నారేం? ఆ మీసం గీసుకుని రండి. మూలలు ఎవరు నింపుతారనుకున్నారు?"